హ్యాండ్ గేరు అంబాసిడరు, ఘాట్ బేరం

కడపలో రాయచోటి రోడ్డున కాపురముంటూ, ఇన్నాళ్లూ పాత కార్లు కొని అమ్మిన దావీదురాజు అను నేను, దేవుని కృప వలన బుద్ధి తేటగా, చెవులు చురుగ్గా, ఎడమ మోకాలు మాత్రం ఇక క్లచ్ తొక్కనని మొండికేసిన స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా నా మనసుకు నచ్చిన ప్రకారం రాయించుకున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరపవలసినది నా కుమార్తె క్రిస్టినా. మా ఇంట్లో అందరికీ ఉన్నమాట ముఖం మీదే చెప్పగలిగినది ఆమే గనుక.

1. రాయచోటి రోడ్డులోని కార్ల షెడ్డు, ముందరి ఖాళీ స్థలంతో సహా, నా కుమారుడు క్రాంతి కుమార్‌కు సర్వహక్కులతో చెందవలెను. షరతు ఒక్కటే: ఘాట్ బేరం మానకూడదు. తెలియనివారి కోసం అదేమిటో రాయిస్తున్నాను. మా దగ్గర కారు చూడటానికి వచ్చినవాడికి ముందుగా ధర చెప్పం. తాళాలు చేతికిస్తాం. గువ్వలచెరువు ఘాట్ రోడ్డు మీద కొండపైకి బండిని అతడే ఎక్కించాలి. అమ్మేవాడు వెనక సీట్లో కూర్చుని నోరు మెదపకుండా ఉండాలి. బండి మూలుగుతోందా, దగ్గుతోందా అన్నది కొనేవాడే విని తెలుసుకోవాలి. పైకెక్కి పాలకోవా తిన్నాకే ధర మాట. నచ్చకపోతే కోవా ఖర్చు మాదే, కోపతాపాలు లేవు.

క్రాంతి ఏమంటాడంటే, "యాడ నాయనా, ఇప్పుడంతా ఫోన్లో ఫోటోలు సూసి కొంటాండారు. ఘాటెక్కేకి ఎవురికి తీరికుండాది?" నిజమే. కానీ ఫోటో పెండ్లిచూపులకు చాలుతుంది గాని కాపురానికి చాలదు. వాడు కరెంటు కార్లు అమ్మినా నాకు అభ్యంతరం లేదు. అసలు గేరే లేని కారు ఆ మలుపులు తిరుగుతుంటే మనిషి ఎడమ చెయ్యి ఏం చేస్తుందో చూడాలని నాకే శానా ఆశ. వాటిని కూడా ఘాట్ ఎక్కించే అమ్మవలెను.

2. నా రెంచీల పెట్టె, కర్నూలు పాత ఇనుము అంగళ్లలో ఏరుకొచ్చిన హ్యాండ్ గేరు కడ్డీలు, బుష్షులు క్రిస్టినాకు. చిన్నప్పుడు బొమ్మ కొనిస్తే పక్కన పడేసి నా స్పానర్లతో ఆడుకునేది. ఆ పిల్ల చేతుల్లో గ్రీజు మరక చూస్తే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.

3. నా స్నేహితుడు, రాయచోటి రైతు వెంకటేశ్వర్లుకు ఏటా క్రిస్మస్‌కు ఒక పెట్టె పాలకోవా పంపవలెను. ఒక ఫియట్ బేరంలో తోడుగా వెనక సీట్లో కూర్చుని, సగం ఘాట్‌లో ఉండగా "గేరు మార్సప్పా, ఇంజను సచ్చిపోతాంది!" అని కేకేశాడు ఈ మహానుభావుడు. కొనేవాడు హడలిపోయి బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను క్షమించనూ లేదు, స్నేహం మాననూ లేదు. నోట్లో కోవా ఉన్నంతసేపైనా మాట్లాడడని ఈ ఏర్పాటు.

4. ఇక అసలు సంగతి. నా తెల్ల అంబాసిడరు. దీని గేరు సీట్ల మధ్య ఉండదు, స్టీరింగు పక్కన ఉంటుంది. హ్యాండ్ గేరు అంటాం. కడపలో ఇలాంటి కారు తోలేవాళ్లు తగ్గిపోయారు. నా మోకాలు చెడ్డాక దీన్ని ఊరి బయట కొత్త హోటలు ముందర దిమ్మె మీద నిలబెడదామని క్రాంతి అన్నాడు. జనం పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట. తిరగని కారు నాకు శవంతో సమానం. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

చివరికి వాడితో అన్నాను, నువ్వు ఘాట్ ఎక్కించు, ఎక్కిస్తే నీదే, నీ ఇష్టం అని. నేను వెనక సీట్లో, నా భార్య విశ్వాసమ్మ ముందు సీట్లో, వాడు స్టీరింగు దగ్గర. పెద్ద మలుపులో గేరు మార్చబోయి, అలవాటు కొద్దీ సీట్ల మధ్య వెతికి, వాళ్లమ్మ చేతిసంచి పట్టి గుంజాడు. బండి ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. నేను రూలు ప్రకారం నోరు మూసుకుని చెమటలు కక్కుతున్నాను.

అప్పుడు విశ్వాసమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, "జరగప్పా, నేను తోల్తా" అంది. తోలింది! గేరు పడిన చప్పుడే వినిపించలేదు. పైన కోవా అంగడి ముందు అడిగాను, ఎప్పుడు నేర్చుకున్నావే, ఎవరు నేర్పారే అని. "నువ్వు కర్నూలుకు వేలంపాటలకు పోయినప్పుడంతా ఈ బండి ఈడ ఊరికే పండుకొని ఉండేదనుకుంటివా?" అంది. కోవా పొట్లం విప్పి తినసాగింది. షెడ్డుకొచ్చి మా మెకానిక్ సుబ్బయ్యను అడిగితే బానెట్‌లోకి తల దూర్చాడు. క్రిస్టినా పడీపడీ నవ్వింది. ఈ వయసులో నాకు నిద్ర పట్టకపోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

కాబట్టి సదరు అంబాసిడరు నా తదనంతరం నా భార్యకు చెందవలెనని రాయించి, చిత్తుప్రతి ఆమెకు చదివి వినిపించాను.

5. పై నాలుగో అంశంలోని ఏర్పాటు ఇందుమూలంగా రద్దు. చదవడం పూర్తికాక ముందే ఆమె చెయ్యి చాపింది. "నువ్వు సచ్చినాంక నాకెందుకయ్యా కారు? ఒక్కదాన్నే యాడికి పోవల్ల? ఆ బీగాలు ఇప్పుడే ఇయ్యి." తాళాలు ఇచ్చేశాను. రవాణా ఆఫీసులో బండి ఆమె పేరుకు మారిపోయింది. ఈ తేదీ నాటికి అది నా ఆస్తి కాదు. దాని మీద క్రాంతికి గాని, హోటలువాళ్లకు గాని, నాకు గాని ఏ హక్కూ లేదు.

6. గడియారం, పడక కుర్చీ, బైబిలు ఎవరెవరికో ఇంకా రాయించవలసి ఉంది. కానీ వాకిట్లో విశ్వాసమ్మ హారన్ ఆపకుండా మోగిస్తోంది. ఎక్కడికని కిటికీలోంచి అడిగితే, "ఎక్కితే తెలుస్తాది, రా" అంటోంది. వచ్చాక చూసుకుంటాను.

కడప, 2025 నవంబరు 9.

దావీదురాజు (సంతకం)

సాక్షులు:
సుబ్బయ్య, మెకానిక్, రాయచోటి రోడ్డు
భువన, ఉపాధ్యాయిని, మా పక్కింటివారు