ఐదో బిడ్డ

పూజ్యులు అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. మేమంతా క్షేమమే. ఆ మాట అలవాటుకొద్దీ రాసేశాను గానీ, ఉత్తరం పూర్తయ్యేసరికి నిలుస్తుందో లేదో నాకే తెలియదు. అక్కడ వదినా, కవలలూ, వాళ్ల మధ్య నలుగుతున్న మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోనులో సగం మీకు వినబడదు, మిగతా సగం నేను మింగేస్తాను. కాగితం మీదైతే మింగడం కష్టం.

పోయిన ఉత్తరంలో మీరు నాలుగు ప్రశ్నలు, నెంబర్లు వేసి మరీ అడిగారు. వరసగా చెబుతాను.

ఒకటి, వెనక కుళాయి. బాగుచేసే అతను వచ్చాడు, అరగంట దాన్ని తిట్టాడు, ఏదో దారం చుట్టి వెళ్లాడు. ఇప్పుడు అటువైపు కారడం లేదు, ఇటువైపు కారుతోంది. మీ అబ్బాయి రోజంతా ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసి వచ్చి, ఇంట్లో కుళాయి కింద బకెట్ పెట్టి పడుకుంటున్నారు.

రెండు, పాప పాకుతోందా అని. పాకుతోంది, కాకపోతే వెనక్కి. బొమ్మ ఎదురుగా పెడితే దాన్నే చూస్తూ దూరంగా వెళ్లిపోతుంది. చివరికి మంచం కింద తేలి, మనమే ఏదో చేసినట్టు కోపంగా చూస్తుంది. ఆ చూపు అచ్చం మీదే.

మూడు, మీ కళ్లజోడు డబ్బా. కుట్టుమిషన్ సొరుగులో దొరికింది. లోపల కళ్లజోడు లేదు, బొత్తాలున్నాయి.

నాలుగు. పాపకు తొమ్మిదో నెల తట్టు సూది వేయించావా, కార్డులో ఆ గడి నిండిందా అని. అంతకుముందు ఉత్తరంలోనూ అడిగారు. అప్పుడు "అయిపోయింది అత్తయ్యా" అని ఒక్క ముక్క రాసి కుళాయి సంగతిలోకి వెళ్లిపోయాను. మీరు మళ్లీ అడిగారంటే ఆ ఒక్క ముక్క మీకు నచ్చలేదన్నమాట. కాలేదు అత్తయ్యా. పాపకు పది నెలలు దాటిపోయాయి, ఆ గడి ఖాళీగానే ఉంది.

ఈ ఉత్తరం మన వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పాప నా ఒళ్లో పెన్ను మూత నములుతోంది. తొమ్మిదింటికి వచ్చాను, ఇప్పుడు పది కావస్తోంది. ఇవాళ గురువారం, సూదుల రోజు. మీకు తెలుసు కదా నర్సమ్మ పద్ధతి. తట్టు మందు పొడిగా ఉంటుంది, నీళ్లు కలిపాక నాలుగు గంటలే దాని ఆయుష్షు. సీసాలో ఐదుగురికి సరిపడా ఉంటుంది. అందుకని ఐదుగురు పిల్లలు చేరితే గానీ ఆమె మూత తీయదు. పాపతో కలిపి ఇప్పటికి ముగ్గురం.

నా కాలు నా మాట వినకుండా ఊగుతోంది. పక్కనున్న ఆవిడ, "అమ్మా, బెంచీ మొత్తం ఊగుతోంది" అంది. సారీ చెప్పి రెండో కాలు ఊపుతున్నాను.

కంగారు ఎందుకో చెబుతాను. నేను పనికి వెళ్లినప్పుడు పాపను స్వెటర్లు అల్లే పిన్నిగారి దగ్గర వదులుతున్నానని రాశాను కదా. అక్కడే ఒక బస్సు కండక్టరమ్మ కూడా తన ఏడాది కూతుర్ని వదులుతుంది. పది రోజులు సెలవు పెట్టి ఊరెళ్లి, మొన్న సోమవారం పదకొండింటికి తెచ్చి దింపింది. ముక్కు కారుతోంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, ప్రయాణం బడలిక అనుకున్నాం. ఆ పిల్లా మన పాపా ఒకే చాప మీద ఆడారు, ఒకే గిలక్కాయ చప్పరించారు. నిన్న సాయంత్రం ఆ పిల్ల చెవుల వెనక ఎర్రగా దద్దు లేచింది. తట్టు.

పిల్లకు తట్టు సోకే అవకాశం వచ్చాక మూడు రోజుల్లోపు సూది పడితే చాలావరకు అడ్డుకోవచ్చని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, అది మా ఫారంలో పద్నాలుగో ప్రశ్న. ఇవాళ పదకొండింటికి మూడు రోజులు నిండుతాయి.

మా ఫారం సంగతి మీకు సరిగ్గా చెప్పనే లేదు. ఇల్లిల్లూ తిరిగి, చిన్నపిల్లల సూదుల గురించి తల్లులకు ఏం తెలుసు, ఏమనుకుంటున్నారు అని అడిగి రాయడం నా పని. తెలిసినదానికి పద్దెనిమిది ప్రశ్నలు. వేయించకపోతే ఎందుకు వేయించలేదో కారణం నెంబరు వేయాలి. ఒకటి, తెలియదు. రెండు, దూరం. మూడు, తీరిక లేదు. నాలుగు, ఇంట్లో పెద్దలు వద్దన్నారు. ఐదు, భయం. శిక్షణలో మా పైఆఫీసరు (జేబులో నాలుగు పెన్సిళ్లు పెట్టుకుంటాడని అందరూ పెన్సిళ్ల సారంటారు) మొదటి ఫారం ఎవరిది వాళ్లు నింపండి, చెయ్యి తిరుగుతుంది అన్నాడు. నాకు పద్దెనిమిదికి పద్దెనిమిది వచ్చాయి. అందరికీ చూపించి, "ఇలా ఉండాలి తల్లి అంటే" అన్నాడు. సిగ్గుపడుతున్నట్టు నటించాను గానీ, లోపల బాగానే పొంగాను.

తిరగడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. నాలుగో నెంబరు తెగ పడుతోంది. మా అత్త పడనివ్వదు, మా మామగారికి ఇష్టం లేదు, మా అమ్మ వద్దంది. ఐదో నెంబరు మాత్రం నలభై ఇళ్లు తిరిగినా ఒక్కటీ పడలేదు. చూశారా సార్, మన ఊళ్లో తల్లులకు భయం లేదు, పెద్దలతోనే చిక్కు అన్నాను. ఆయన అది నోట్సులో కూడా రాసుకున్నాడు.

పోయిన వారం అట్టపెట్టెలు అంటించే వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో కోడలు, లోపలి గదిలో అత్త, మధ్యలో నడుము ఎత్తు పెట్టెలు. కోడలు నాకంటే చిన్నది, చేతులు ఆపకుండానే జవాబులు చెబుతోంది. రెండు సూదులు తప్పాయి, ఎందుకంటే "మా అత్తకి పడదండి" అంది. నేను నాలుగు వేస్తున్నాను. పెట్టెల వెనక నుంచి ఒక తల లేచింది, మోచేతుల దాకా జిగురు.

"నేనెప్పుడన్నానే?"

"మీరనకపోతేనేం, మీ మొహం అంది," అని గొణిగింది కోడలు.

"నా మొహం అరవై ఏళ్లుగా ఇలాగే ఉంది. అది అన్నదంతా వింటే నువ్వీ ఇంటికి కోడలివే అయ్యేదానివి కాదు."

నేను నవ్వు ఆపుకోలేక ఫారంలో తల దూర్చాను. ఆ పిల్ల నవ్వలేదు. అట్ట మీద జిగురు గీకుతూ, ఆ సూది లోపలికి దిగడం చూడలేనని, పోయినసారి చూసి కళ్లు తిరిగాయని చాలా మెల్లిగా చెప్పింది. ఇక పెద్దావిడ తిడుతుందనుకున్నాను. ఆవిడ చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ, "ఆ ముక్క చెప్పడానికి నన్నెందుకే దుష్టురాల్ని చేయడం. పట్టుకోవడానికి నేనొస్తాను. నువ్వు గోడవైపు తిరిగి నించో," అంది.

నేను నాలుగు కొట్టేసి ఐదు వేశాను. ఆ గోడ నాకు తెలుసు.

పది ఇరవై. నాలుగో బిడ్డ వచ్చింది. ఇంకొక్కరు. గేటువైపు చూసి చూసి మెడ పట్టేసింది.

ఇక చెప్పేస్తాను. మొదటి మూడు సార్లూ పాపను పట్టుకున్నది మీరు. ఆ రెండు కాళ్లూ మీ చేతుల్లో ఎలా ఇమిడాయో కూడా నేను చూడలేదు, గోడవైపు తిరిగి పోస్టరు చదువుతూ ఉండేదాన్ని. చేతులు కడుక్కునే పద్ధతి ఏడు మెట్లూ నాకు కంఠతా వచ్చింది అందుకే. మూడోసారి తర్వాత ఆ సాయంత్రం జ్వరం వచ్చి పాప ఏడ్చిన ఏడుపు మీకు మామూలుగా అనిపించింది. నాకు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. పద్దెనిమిది ప్రశ్నల్లో ఏడోది, సూది తర్వాత జ్వరం రావడం సహజమా కాదా అని. సహజం అని టిక్కు పెట్టినప్పుడు కూడా ఆ ఏడుపు వినబడింది.

తొమ్మిదో నెల తేదీకి మీరు వదిన దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు క్యాలెండరులో ఆ తేదీకి ఎర్ర సున్నా చుట్టారు, కార్డుకు పూల గుడ్డతో సంచి కుట్టి తలుపు వెనక తగిలించారు. పెన్సిళ్ల సారు నన్ను మెచ్చుకుని పది రోజులైనా కాలేదు. ఆ తేదీన నేను ఇక్కడికి వచ్చాను. రాలేదని కాదు. అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు, నేను ఐదోదాన్ని. నర్సమ్మ నన్ను చూడగానే "వచ్చావా తల్లీ, నీ కోసమే చూస్తున్నాం" అని సీసా తీసి, మూత మీద బొటనవేలు పెట్టింది. అప్పుడు తట్టింది నాకు, ఈసారి పట్టుకోవలసింది నేనేనని.

ఇవాళ వద్దండి అన్నాను. ఎందుకమ్మా అంది. భయమేస్తోందని చెప్పలేకపోయాను. అంత చదివి, అందరినీ అడగబోతున్నదాన్ని. "మా అత్తగారు వద్దన్నారు," అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తెలుసా, నాలుక చివర ముందే చెప్పులు వేసుకుని కూర్చున్నట్టు వచ్చింది. మీరు వద్దన్నారని. క్యాలెండరులో సున్నా చుట్టి వెళ్లిన మీరు. నర్సమ్మ వాదించలేదు, రిజిస్టరులో రాసుకుంది. తర్వాత రెండుసార్లు కబురు పంపింది. మా అత్తగారు ఊరి నుంచి రానీండి అన్నాను. మీ అబ్బాయికి సూది అయిపోయిందని చెప్పాను, ఆయన పాప చెయ్యి ముద్దు పెట్టుకుని "ధైర్యవంతురాలివే" అన్నారు. ఎవరినన్నారో నేను అడగలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి రెండుసార్లు పెన్ను పక్కన పెట్టాను. నేను వెళ్లిపోతే మిగిలింది నలుగురు. ఆ రోజు సీసా తెరవలేదు. నర్సమ్మ దాన్ని మళ్లీ ఐసు డబ్బాలో పెట్టి, అందర్నీ వచ్చే గురువారం రమ్మంది. ఆ నలుగురిలో ఒకతె కండక్టరమ్మ. ఖాకీ దుస్తుల్లోనే, భుజానికి టికెట్ల సంచితో వచ్చింది, ఎవరితోనో డ్యూటీ మార్చుకుని. గేటు దగ్గర నా పక్క నుంచి వెళుతూ, "మళ్లీ మార్చరమ్మా నాకు," అంది. నాతో కాదు, తనలో తాను. మార్చలేదు కాబోలు. ఆ పిల్లకే ఇప్పుడు తట్టు.

పదిన్నర దాటింది. ఐదో మనిషి జాడ లేదు. నేను వచ్చి గంటన్నర అయినా, పాప తట్టు పిల్లతో ఆడిందని నర్సమ్మకు చెప్పలేదు. చెబితే రిజిస్టరు తీస్తుంది, తీస్తే ఆ మాట కనబడుతుంది, అదెలా అని. ఎవరో ఒకరు వస్తారులే, చెప్పే పని లేకుండా గట్టెక్కుతాను అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. పద్దెనిమిదికి పద్దెనిమిది. వందల మైళ్ల దూరంలో ఉన్న మీకు ఇంత రాయగలిగి, ఆరడుగుల దూరంలో ఉన్న ఆమెకు చెప్పలేకపోతే నా అంత మూర్ఖురాలు ఉండదు. పాప నోట్లోంచి పెన్ను మూత తీసుకుని లేస్తున్నాను.

పదకొండుంబావు. చెప్పాను అత్తయ్యా, అన్నీ. నర్సమ్మ వింటూనే చేతులు కడుక్కుంది. "ఐదుగురు చేరాలన్నది మందు వృథా కాకూడదని. ఇలాంటిది తొమ్మిదింటికే చెప్పాలి కదమ్మా. చదువుకున్న పిల్లవి," అని మొదలుపెట్టి, ఎందుకో అక్కడే ఆగిపోయింది. సీసా మూత తీసింది. నలుగురికీ వేస్తానంది. పక్కావిడ నన్ను చూసి, బెంచీ ఊపితే ఊపావు గానీ మా పనీ అయింది అంది.

ముందు పాపకే. ఈ సూది కాలికి కాదట, కుడి చేతికి. మీరెలా పట్టుకునేవారో చూడలేదు కనుక నర్సమ్మను అడిగాను. పాప ఎడమ చెయ్యి నా నడుం చుట్టూ తిప్పి, కుడి చెయ్యి నా అరచేతిలో పెట్టి, కాళ్లు నా మోకాళ్ల మధ్య ఇరికించింది. గోడవైపు తిరగలేదు. సూది దిగడం చూశాను. నేననుకున్నంత పొడుగు లేదది. పాప ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు ఏడ్చింది. గోడవైపు తిరిగితే కనబడని సంగతి ఒకటుంది: ఏడుస్తూ కూడా అది నా చీరనే పట్టుకుంది.

పదకొండుకు ఏడు నిమిషాలు ఉండగా పడింది. అడ్డుకుంటుందా అంటే, అవకాశం బాగానే ఉంది, పూచీ మాత్రం ఇవ్వలేనంది నర్సమ్మ. రెండు వారాలు జ్వరం చూసుకోమంది, పిన్నిగారి చాప దగ్గరికి పంపవద్దంది. కండక్టరమ్మ ఇల్లెక్కడో అడిగి రాసుకుంది, మధ్యాహ్నం ఆ పిల్లను చూడడానికి వెళుతుందట. పొద్దున ఆ పిల్ల కళ్లు తెరిచి పాలు తాగిందని పిన్నిగారు చెప్పారు. అరగంట కూర్చోమన్నారు కనుక ఇలా వరండా చివర కూర్చుని రాస్తున్నాను.

రిజిస్టరు నేనే అడిగి తీయించాను. కారణం గడిలో "అత్తగారు వద్దన్నారు" అని నీలం సిరాతో ఉంది. పూర్తిగా చెరిపేయమన్నాను. అలా కుదరదట. ఒక్క గీత గీయాలి, కింద పాత మాట కనబడుతూనే ఉండాలి, పైన సరైనది రాసి సంతకం పెట్టాలి. పెన్ను నాకే ఇచ్చింది. "తల్లి భయపడింది" అని రాసి సంతకం చేశాను. మీ మీద వేసిన నింద గీత కింద ఇంకా చదవొచ్చు. వచ్చినప్పుడు చూపిస్తాను, అప్పుడు మీకు తోచినన్ని తిట్లు తిట్టండి. ముందు మాత్రం, పాపను ఎలా పట్టుకునేవారో ఒకసారి చూపించండి.

మీ అబ్బాయికి సాయంత్రం చెబుతాను. కండక్టరమ్మకు ఇప్పుడే, ఇక్కడి నుంచి లేచి, పాపను పక్కింట్లో ఒప్పగించి, నేరుగా వెళ్లి. ఏం చెప్పాలో మీకు రాశాక కాస్త తెలిసింది. ఆవిడ ఏమంటుందో తెలియదు. తలుపు మొహం మీద వేసినా గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పే వస్తాను.

మొదట రాసిన "క్షేమమే" అన్న మాట కొట్టేయలేదు. రెండు వారాలయ్యాక మళ్లీ రాస్తాను, అప్పటిదాకా దాన్ని నమ్మకండి. ఇప్పుడే పాప నుదురు చూశాను. చల్లగా ఉంది. మళ్లీ చూస్తాను.

ఇట్లు,
మీ పేరు చెప్పి దాక్కున్న,
ఇవాళ గోడవైపు తిరగని
మీ కోడలు