అటక మీది సబ్బు బిళ్లలు

బాగ్‌బేరా, మంగళవారం

ఈరోజు చేసింది తప్పో ఒప్పో తెలియడం లేదు. అటక మీది సబ్బు బిళ్లలు దించాను.

ఐదో నెలలో ఉండగా, పుట్టబోయే బిడ్డ కోసం కొబ్బరినూనెతో చేసుకున్నవి. రంగూ సెంటూ వేయలేదు. కాస్టిక్ సోడా ఘాటు పోవడానికి ఆరు వారాలు ఆరబెట్టాలి. ఆ గడువు తీరకముందే కడుపు పోయింది. తర్వాత వాటి జోలికి నేనూ పోలేదు, మా ఆయనా పోలేదు.

అత్తయ్య చర్మం ఇప్పుడు ఉల్లిపొరలా అయిపోయింది. బజారు సబ్బు రాస్తే ఒళ్లంతా మంట అంటోంది. పొద్దున్న ఆయన రైల్వే యార్డుకి డ్యూటీకి వెళ్లాక, ఆ సబ్బుతోనే ఆవిడకి స్నానం చేయించాను. మతిమరుపుతో నా పేరు కూడా గుర్తుండని మనిషి, నురగ వాసన చూసి నా చెయ్యి పట్టుకుంది.

"పసిపిల్లల వాసనొత్తంది. బాబేడే?"

"తొంగున్నాడత్తా" అన్నాను.

"అయితే నీళ్లు నెమ్మదిగా పొయ్యి. లేచిపోతాడు."

స్నానం అయ్యేదాకా మగ్గు బాల్చీకి తగలనివ్వలేదు.