అక్షరాలు లేనివారి గుమ్మం

చిరంజీవి నూకరత్నానికి ఆశీర్వదించి వ్రాయునది. రేపు నీకు పంపవలసిన ఉత్తరాన్ని ముందుగా నా డైరీలో వ్రాసుకుంటున్నాను.

ఓడలో ఇంజనీరుగా పనిచేస్తున్న నా చరిత్ర తరగతిలో నీ సహాధ్యాయి అప్పన్న ఈ సాయంత్రం మా ఇంటికి వచ్చి, వేల్స్ సముద్రతీరంలో తీసిన ఫొటోలు చూపించాడు. నిలువురాళ్ల మీద ఏనుగంత బండను మోపిన సమాధి ఒకటి, దాని దిగువన వేల ఏళ్లనాటి గుండ్రని ఇళ్ల మొండిగోడలు.

"సయాగారూ, రాత లేనోళ్లకి చరిత్ర లేదని చెప్పినారు గదండీ. మరి ఇదేటి?" అన్నాడు, ఎప్పటిలాగే మేష్టారిని బర్మీస్ మాటలో 'సయా' అని పిలుస్తూ.

"రాళ్లు పేర్చడం చరిత్ర కాదు," అన్నాను.

"ఈ ఇంటి గుమ్మం సూడండి. సముద్రపు గాలి కొట్టకుండా అటేపు పెట్టుకున్నారు. నేను ఆ గోడకాడ కూకొని అన్నం తిన్నాను. బయటైతే టోపీ ఎగిరిపోతంది."

మా ఆవిడ టీ ఇస్తూ, "ఏటండీ, రాత నేకపోయినా ఆ గుమ్మం వాళ్ల కత చెప్తంది గదా?" అని నవ్వింది.

రాత లేనివాళ్లకు చరిత్ర లేదన్న ఆ వాక్యాన్ని ముప్ఫై ఏళ్లు పిల్లలచేత కంఠస్థం చేయించాను. పజుండౌంగ్ పేటలో నువ్వు చెప్పే ఆదివారపు తరగతిలో నేటికీ దానినే వల్లిస్తున్నారన్న దిగులు పట్టుకుంది. తప్పు ఒప్పుకోవడానికి గంటసేపు మనస్కరించలేదు. ఒప్పుకున్నాక హాయిగా ఉంది.

కనుక ఈ ఉత్తరాన్ని తరగతిలో అందరికీ బిగ్గరగా చదివి వినిపించు. మేష్టారి తప్పు అన్నచోట గొంతు తగ్గించకు.