సొంతూరు అనే గడి

మెసయీద్, గురువారం

రిటైరయ్యేవాళ్లకు ఈ గల్ఫ్ కంపెనీ సొంతూరికి ఆఖరి టికెట్ కొనిస్తుంది. ఈరోజు ఆ ఫారం నింపాను. సొంతూరు అనే గడిలో మెసయీద్ అని రాశాను.

ఆఫీసులో ఆ ఫారాలు చూసే సుజాత నవ్వేసింది. "అంకుల్, ఇక్కణ్ణించి ఇక్కడికే టికెట్ ఎలా కొంటారండీ? పాస్‌పోర్టులో ఉన్నట్టు రాజమండ్రి అని రాసేయండి."

"రాజమండ్రిలో నాకు దారులు తెలియవమ్మా."

పక్కనే ఉన్న ప్రకాశం అందుకున్నాడు. నాకు రావలసిన సూపర్‌వైజర్ కుర్చీని తన్నుకుపోయిన ఘనుడు. "ఏవండోయ్ అరబ్బు షేక్ గారూ, వీసా అయిపోయాక ఎవరైనా పోవాల్సిందే! ఊరట, ఊరు!"

పోవాలని నాకూ తెలుసు. కానీ నాన్న నన్నిక్కడికి తెచ్చినప్పుడు నాకు నాలుగేళ్లు. రిఫైనరీ మంట వెలుగు కిటికీలోంచి పడుతుంటే ఎక్కాలు వల్లించాను. అమోనియా వాసనను బట్టి గాలి ఎటు వీస్తోందో చెప్పేవాణ్ణి. నేను చదివిన పుస్తకాల్లో బాల్యమంటే ఏరూ, పొలమూను. నా బాల్యం పైపులైన్ల మధ్య గడిచిందని చెప్పడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. ఇక పడను.

సుజాత గొంతు తగ్గించింది. "ఇలా పంపితే పెద్దసారు కొట్టేస్తారండీ. టికెట్ పోతుంది."

"పోనీ. నా ఖర్చుతో నేనే పోతాను. అబద్ధం మాత్రం రాయను."

ఫారం ఆమె చేతికిచ్చి వచ్చేశాను. రాజమండ్రిలో దిగి ఏం చేస్తానో, ఎవరింటి తలుపు తడతానో తెలియదు...

వీళ్లు నన్ను దేశం దాటించగలరు. ఇంటికి పంపించామని మాత్రం ఎక్కడా రాసుకోలేరు.