పాల మీద పడ్డ నింద

సిద్దిపేట

ప్రియమైన నరేశ్‌కు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, మురిసిపోకు. నీ ఫోన్లు ఎత్తను. నీ గొంతు వింటే మెత్తబడతాను, నాకిప్పుడు మెత్తబడాలని లేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లకు నోటి చుట్టూ, పిర్రల మీద తోలు ఊడి పుండ్లు పడితే, నిన్ను కన్న మీ అవ్వ దుబ్బాకలో వాడకట్టు ఆడవాళ్ల ముందర ఏమన్నదో తెలుసా? "నీ పాలల్ల విషమున్నదే! నా మనుమరాలిని సంపుతవా?" అని పిల్లను నా రొమ్ము మీంచి లాగేసి బర్రెపాల సీసా పెట్టింది. భీవండిలో ఉన్న నీకు ఫోన్ చేస్తే, "అవ్వ చెప్పినట్టు ఇను" అన్నావు. అందుకే పిల్లనెత్తుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను.

ఇక్కడ పిల్లల డాక్టర్ సింధూజ చూసి, జింక్ తక్కువైందని చెప్పింది. అది కడుపులో చివరి నెలల్లోనే పిల్ల ఒంట్లో జమ అవుతుందట. మన పాప ముందే వచ్చింది, నా పాలలో ఉన్నది చాలలేదు. పాలు మానొద్దు, పాలతో పాటు ఈ చుక్కలు వెయ్యి అన్నది. వారం తిరగకుండానే పుండ్లు మానిపోయాయి.

పాపను ఇక్కడే తొట్టెలలో వేసి పేరు పెడతాను. మీ అవ్వనూ, ఆ ఆడవాళ్లనూ పిలిచాను. వాళ్ల ముందే ఆమె తల దించుతాను. నీకు పిలుపు లేదు.

నీ మీద మండుతూ,
ప్రసూన

భీవండి

ప్రసూనా,

అవ్వను నలుగురిలో అనకు. నీకు చెప్పని సంగతి ఒకటుంది. నాకన్నా ముందు అవ్వకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పాపకూ నోటి చుట్టూ ఇట్లాంటి పుండ్లే. మా నాయనమ్మ "నీ పాలే విషం" అని రొమ్ము మాన్పించింది. పాలు లేక పాప దక్కలేదు. అవ్వది పగ కాదు, భయం. నేను చెప్పినట్టు తెలియనియ్యకు.

తప్పైంది, మన్నించు.
నరేశ్

సిద్దిపేట

నరేశ్‌కు,

అడగకుండానే నా చేతికి కత్తి ఇచ్చావు. వాడుకున్నాను. అందరూ కూర్చున్నాక అన్నాను: "అత్తా, నీ బిడ్డ నీ పాలతోని సచ్చిపోలే. పాలు బంద్ చేసి మీ అత్తనే సంపింది." ఆమె కుప్పకూలాలని కోరుకున్నాను, దాచను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయితె నా పాలల్ల విషం లేకుండెనా?" అన్నది. లేదన్నాను. అంతే, ఒక్కొక్క ఆడామె భుజం పట్టి ఊపింది. "ఇన్నరా! నా పాలు మంచియేనట!" అంటూ ఏడ్చింది, నవ్వింది. నన్ను పట్టుకుని మళ్లీ ఏడ్చింది. నా కోపం పెట్టుకోవడానికి చోటు లేకుండా చేసింది.

రాత్రి పడుకుంటే చోటు దొరికింది. ఆమె తన పాలే చంపాయని నమ్మింది, భయపడింది. నీకు తెలుసు కదా! రొమ్ము మాన్పిస్తే ఒక పిల్ల పోయిందని తెలిసి కూడా, నా పిల్లకు అదే చేయమన్నావు.

అత్త ఇక్కడే ఉంది. చుక్కలు తనే వేస్తోంది. పాపకు పేరు పెట్టాం, నీకు మాత్రం చెప్పం. అత్తను అడగకు, ఒట్టు పెట్టుకుంది. దానికి మాటలు వచ్చాక వచ్చి, దాన్నే అడుగు. చెప్పాలనిపిస్తే చెబుతుంది.

దాని తల్లి,
ప్రసూన