వానకు తడిసేవి ఏమున్నాయి?

బాతెల్, అమెరికా, అక్టోబరు 3

వాననీటి పర్మిట్ల ఆఫీసులో తెలుగు తెలిసిన రాధాకృష్ణ గారికి గిరిజ నమస్కారాలు.

నా అక్షరాలు వంకర, తప్పులూ ఎక్కువే, క్షమించండి. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. ఫారం వెనక తెలుగులో అడగవచ్చని మీ పేరు ఉంటే ధైర్యం చేశాను.

ఉద్యోగం పోయాక మావారు రఘువీర్ ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. అక్కడ పచ్చళ్లు పెట్టి షాపులకు వేస్తున్నాం. ఇప్పుడు మాకు అదే ఆధారం. పర్మిట్ కావాలో అక్కర్లేదో నెలాఖరులోగా కాగితం చూపించకపోతే మా సరుకు వద్దని పెద్ద షాపు వాళ్లు తేల్చి చెప్పారు.

అయ్యా, వాన మేం కురిపించడం లేదు. అది పైనుంచి పడుతుంది, కాలవలోకి పోతుంది. మధ్యలో మాకు పర్మిట్ ఎందుకు? మావారు ఫారం మూడుసార్లు చదివి, మూడుసార్లూ నా ఒళ్లో పడేశారు.

ఇట్లు,
గిరిజ

తా.క.: మాది పరిశ్రమ అని రాశారు. మాకున్నవి రెండు గ్రైండర్లు, ఒక అత్తగారు.

అక్టోబరు 8

గిరిజ గారికి,

వాన తప్పు మీదని ఎవరూ అనలేదమ్మా. పచ్చళ్లు తయారుచేసే చోటు కూడా మా లెక్కలో పరిశ్రమే. వాన మీ సరుకును, సామానును తడిపి, ఆ మురికితో కాలవలోకి పోతుందా అన్నదే ప్రశ్న. అన్నీ కప్పు కింద ఉంటే పర్మిట్ అక్కర్లేదు. బయట ఏమీ లేదని సంతకం చేస్తే చాలు.

షెడ్డు బయట ఏమేం ఉన్నాయో రాయండి. ఒక్కటీ దాచవద్దు.

రాధాకృష్ణ

తా.క.: ఒక్క ముక్కలో రాసినా చాలు.

అక్టోబరు 13

రాధాకృష్ణ గారికి,

దాచవద్దన్నారు కాబట్టి అన్నీ రాస్తున్నాను. టార్పాలిన్ మీద మిరపకాయలు ఆరబోశాం. చినుకు పడితే పరిగెత్తుకెళ్లి తీస్తాను. ఈ ఊళ్లో రోజంతా అదే పరుగు. నూనె డబ్బాలు బయటే కడుగుతాం. మా అత్తయ్య కోటమ్మ గారు కుర్చీ వేసుకుని బయటే కూర్చుంటారు. ఆవిడకు కప్పు లేదు. వాన వస్తే తనే లోపలికి వస్తారు.

మామిడికాయ ఊరిన ఉప్పునీళ్లు వాకిట్లో కాలవ జాలీలో పోస్తాను. జాలీ పక్కన చేప బొమ్మ ఉంది కదా, లోపల చేపలున్నాయని రోజూ రెండు పిడికిళ్లు అన్నం కూడా వేస్తున్నాను. పుణ్యం.

గిరిజ

తా.క.: శనివారాలు పులిహోర.

అక్టోబరు 17

గిరిజ గారూ,

మీ ఉత్తరం చదివి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను. అత్తగారికి పర్మిట్ అక్కర్లేదు. ఆ చేప బొమ్మకు అర్థం, ఈ నీళ్లు నేరుగా వాగులోకి పోతాయి, ఇందులో ఏదీ వేయకండి అని! అన్నం వద్దు. ఉప్పునీళ్లు అసలే వద్దు. పులిహోర అంతకన్నా వద్దు.

సోమవారం మా పై ఆఫీసరుతో వస్తాను. అంతా లోపల పెట్టి, వాకిలి శుభ్రం చేయండి. నూనె మరక కనిపిస్తే నేనేమీ చేయలేను. పర్మిట్ తీసుకుని, మూణ్ణెల్లకోసారి వాననీళ్లు పరీక్ష చేయించాల్సి వస్తుంది.

రాధాకృష్ణ

తా.క.: మా ఆఫీసరమ్మ ముందు నాకు పచ్చడి సీసా ఇవ్వబోకండి. లంచం అనుకుంటారు.

అక్టోబరు 21

రాధాకృష్ణ గారికి,

నిన్న మీరు వచ్చి చూసినందుకు సంతోషం. మిరపకాయలు, డబ్బాలు, టార్పాలిన్ అన్నీ లోపల పెట్టాం. అత్తయ్య కుర్చీ కూడా పెట్టాం, అందుకు ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మీ ఆఫీసరమ్మ వంగి వంగి నేలంతా చూసి "గుడ్, గుడ్" అన్నారు. నాకు అర్థమైంది ఆ ఒక్క మాటే. బయట ఏమీ లేదన్న కాగితం మీరు నా చేతికిచ్చి, సంతకం చేసి పంపమన్నారు.

మీ కారు కదిలాక చూశాను. అది ఆగిన చోట చాటంత నల్లటి నూనె. అప్పుడే వాన మొదలైంది. ఆ నూనె రంగులు తిరుగుతూ జాలీ వైపు బయలుదేరింది. చేతికి అందింది శనగపిండి. నాలుగు కిలోలు కుమ్మరించి అడ్డం వేశాను. మావారు "ఎవరి నూనెకి ఎవరి పిండే!" అని అరుస్తూనే చీపురు అందించారు.

అంతా ఎత్తి, నేల తుడిచాం. ఇప్పుడు నిజంగానే బయట ఏమీ లేదు. అందుకే సంతకం చేసి, కాగితం ఇందులో పెట్టాను. మాకు పర్మిట్ అక్కర్లేదు. మీ కారు సంగతి మీరు చూసుకోండి.

గిరిజ

తా.క.: ఆ పిండి సంచి షెడ్డులో ఉంది. అది మీ సరుకు, వచ్చి తీసుకెళ్లండి. కాగితం మాత్రం ఫైల్లో పెట్టి, ఈ ఉత్తరం కాల్చేయండి. పిల్లలు గలవారు, మీ ఉద్యోగం ఉండాలి.