దేవమణి బైబిల్లో లేని పుస్తకం

1961 అక్టోబర్ 12, గురువారం

నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్ల కొరత మీద రెండు వందల మాటలు కలకత్తాలో మా పేపరుకు పంపాను. డెస్క్ ఎనభై వేస్తుంది.

పక్క వాటాలో ఉండే జ్ఞానరత్నం పిలిచింది. ఆమెకు చూపు దాదాపు లేదు. కొడుకు సొలొమోను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. జూలైలో టైఫాయిడ్‌తో పోయాడు. ఇప్పుడు ఆమె, కోడలు దేవమణి, ఇద్దరే. అత్త క్యాథలిక్. కోడలు బాప్టిస్టు. పెళ్ళి కోసం సొలొమోనూ బాప్టిస్టు అయ్యాడు.

వర్క్‌షాపు నాలుగున్నర సైరన్ కాగానే వరండాలో కొడుకు సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపిస్తోందట. రోజూ. "సచ్చినోడు దారి తెల్క తిరుగుతన్నాడు, పేపరు బాబూ" అంది.

అది పక్కింటి సైకిలని దేవమణి కొట్టిపారేసింది. పక్కిల్లు నాది. నాకు సైకిల్ లేదు.

అక్టోబర్ 14

విన్నాను. నాలుగు ముప్పై నాలుగు. ఇనుము సిమెంటుకు తగిలిన చప్పుడు, ఒక్కసారి. వరండాలో ఎవరూ లేరు.

అక్టోబర్ 16

ఇందా అనే పేటకు వెళ్ళాను. సొలొమోను పోయాక అతని సైకిల్‌ను అక్కడి బెంగాలీ దాదాకు అమ్మేశారు. అది ఆయన ఇంట్లోనే ఉంది, గోడకు ఆనించి, వెనక చక్రం లేకుండా. నెల రోజులుగా అలాగే ఉందట. పేపర్‌వాళ్ళకి ఇప్పుడు పాత సైకిళ్ళు కూడా న్యూసేనా అని నవ్వాడు.

అక్టోబర్ 19

అత్తాకోడళ్ళ గొడవ ఏమిటో తెలిసింది. నవంబర్ 2 క్యాథలిక్కులకు చనిపోయినవాళ్ళ రోజు. ఆ రోజు దేవమణి మొగుడి కోసం ప్రార్థించాలని అత్త పట్టు. తను చేస్తే చాలదట. "ఆడు నాకోసం వొస్తన్నాడేటి? పెళ్ళాం కోసం వొస్తన్నాడు. పెళ్ళామే అడగాల."

దేవమణి చెయ్యనంది. పోయినవాళ్ళ కోసం ప్రార్థించమని తన బైబిల్లో ఎక్కడా లేదు, అరవై ఆరు పుస్తకాలూ సదివినాను అంది. మా ఫాదర్ బైబిల్లో ఏడు పుస్తకాలు ఎక్కువున్నాయి, అందులో ఉంది అంది ముసలామె. అయి మీవోళ్ళు కలిపేసినవి అంది కోడలు. మీవోళ్ళే సింపేసినారు అంది అత్త. ఎవరిది నిజమో కనుక్కొని చెప్పమని ఇద్దరూ నావైపు తిరిగారు. ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

వచ్చేస్తుంటే దేవమణి గేటు దాకా వచ్చింది. పోయినవాళ్ళకు ప్రార్థన కావాలనే ఆ పుస్తకం నిజమైతే తన మొగుడు ఇంకా శిక్షలో ఉన్నట్టట. అబద్ధమైతే ప్రభువు దగ్గర ఉన్నట్టు. "సూసి సెప్పండి బాబుగారూ."

అక్టోబర్ 24

ఫాదర్ చెప్పింది: 397లో కార్తేజిలో కూడిన చర్చి సభ బైబిల్ పుస్తకాల జాబితా వేసింది, అందులో ఆ ఏడూ ఉన్నాయి. 1546లో ట్రెంటు సభ ఖాయం చేసింది. పక్కన పెట్టింది ప్రొటెస్టంటుల లూథర్.

పాస్టరు చెప్పింది: అవి యూదుల హీబ్రూ బైబిల్లో లేవు. లాటిన్‌లోకి అనువదించిన జెరోమే వాటిని వేరు చేశాడు. ట్రెంటు తీర్మానం లూథర్ మీద కోపంతో చేసింది.

ఇద్దరూ టీ ఇచ్చారు. ఫాదర్ బిస్కట్ కూడా.

అక్టోబర్ 27, కలకత్తా

ఆఫీసు లైబ్రరీలో ఎన్‌సైక్లోపీడియా చూశాను. తేదీలు ఇద్దరివీ సరైనవే. లూథర్ వాటిని తీసెయ్యలేదు. పాత, కొత్త నిబంధనల మధ్య విడిగా అచ్చు వేయించాడు. పాత ఇంగ్లీషు బైబిళ్ళలోనూ అంతే. బైబిల్ సొసైటీ వాటిని అచ్చు వెయ్యడం మానేసింది 1820లలో. దేవమణి చేతిలోది సొసైటీ బైబిల్.

ఎప్పుడు చేర్చారో, ఎప్పుడు తీశారో దొరికింది. ఎవరిది నిజమో చెప్పే సోర్సు దొరకలేదు.

అక్టోబర్ 30

పోయినవాళ్ళ కోసం ప్రార్థించే ఆ ముక్క తెలుగులో రాసి కోడలికి ఇమ్మంది ముసలామె. తెలుగు అచ్చు ఫాదర్ దగ్గర లేదు. ఆయన ఇంగ్లీషు బైబిల్ అరువు తెచ్చి, మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం చివరి భాగం ఫుల్‌స్కేప్ కాగితం మీద రాశాను. ఏమీ కలపలేదు.

అందులో ఉన్నది ఇదీ: యుద్ధంలో పడిపోయిన యూదుల శవాలు తియ్యడానికి తోటివాళ్ళు వెళ్ళారు. ప్రతివాడి బట్టల కింద పరాయి దేవుళ్ళ రక్షరేకు దొరికింది. బతికున్నవాళ్ళు ఆ పాపం తుడిచెయ్యమని ప్రార్థించారు.

అక్టోబర్ 31, ఉదయం 7

దేవమణి కాగితం పట్టుకొచ్చింది. మీకెవరు సెప్పినారు అని అడిగింది. ఏ సంగతో నాకు తెలియదన్నాను. ఇది మీరే కల్పించి రాసినారు అంది. ఇంగ్లీషు బైబిల్ తెరిచి వేలు పెట్టి చూపించాను. మిషన్ స్కూల్లో ఏడో క్లాసు చదివిన మనిషి. కూడబలుక్కుంటూ చదివింది. రెండుసార్లు.

తరవాత చెప్పింది. పోయాక సొలొమోను ఒళ్ళు తుడిచేటప్పుడు మొలతాడుకు తాయెత్తు కనపడింది. నూకాలమ్మ గుడిది. జ్వరంలో ఎవరితో తెప్పించుకున్నాడో తెలియదు. కత్తిరించి పొయ్యిలో వేసింది. అత్తకు చెప్పలేదు, పాస్టరుకు చెప్పలేదు. మూడు నెలలుగా ఆయన ప్రభువు దగ్గరున్నారనే అందరికీ చెబుతోంది. "ఎక్కడున్నారో నాకేటి తెలుసు బాబుగారూ."

నవంబర్ 2

నాలుగు గంటలకు గోడ అవతల దేవమణి గొంతు. కాగితం చదివింది. తరవాత సొంత మాటల్లో అడిగింది: ఆయన భయపడి తాయెత్తు కట్టుకున్నారు ప్రభువా, తుడిచెయ్యి. తాయెత్తేటే అంది ముసలామె. తరవాత తనే ఆమెన్ అంది.

సైరన్ మోగింది. చప్పుడు రాలేదు.

నవంబర్ 3

లేదు.

నవంబర్ 4

లేదు. ముసలామె ఖరిదా బజారు నుంచి సందేశ్ మిఠాయి తెప్పించి పంపింది. "ఆడు సేరిపోనాడు" అంది.

నవంబర్ 5

సాయంత్రం ముసలామె గోడ కొట్టి టైమెంతని అడిగింది. మూడుసార్లు.

నవంబర్ 6

దేవమణి వచ్చింది. ఇన్నాళ్ళూ నాలుగింటికే స్నానం చేసి, జడ వేసుకుని, ఆ చప్పుడు కోసం కూర్చునేదట. అత్తతో మాత్రం పక్కింటి సైకిల్ అనేది. ఇప్పుడా చప్పుడు రావడం లేదు. ఆ పుస్తకం బైబిల్లోది కాదని విచారించి తేల్చినట్టు రాసియ్యమంది. అదీ పైకి చదువుతుందట, ముందు చదివింది రద్దయ్యేట్టు.

అలా తేలలేదన్నాను.

"మీరు రాస్తే అందరూ నమ్ముతారు కదా. ఆయనా నమ్ముతారు."

నవంబర్ 7

రాసిచ్చాను. సంతకం పెట్టాను.

నవంబర్ 8, 4.25

దేవమణి చదవడం అయిపోయింది. ముసలామె వద్దనలేదు. గోడ పట్టుకుని తనూ వరండాలోకి వచ్చి కూర్చుంది, కొడుకు సైకిల్ స్టాండు వేసే చోటు ఖాళీగా వదిలి.